పరీక్ష తప్పినవారి పక్షమున



ఈ వార్షిక మహాసభయందు ప్రథమశ్రేణి నందిన బాలబాలికలకు బహుమానము లొసంగుట చూచి మేము మిక్కిలి సంతసించితిమి. వారిని ప్రశంసించుటకు పెద్దలు పలువురు గలరు. కావున మేము ఈ మంటపమునకు రాక, ఇంటిమూల తల వంచుకొని కూర్చున్నవారిని గుఱించి నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మేము ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పినవారము. తప్పిన బాలునకు పరీక్షకంటె కఠినమైనది, ఫలితము తెలిసిన సాయంకాలము ఇల్లు చేరుట. ఫలితములు వెలువడిన దినములలో పిల్లలు ప్రాణములు తీసికొనిన వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను పత్రికల కెక్కుచున్నవి. నాలుగు మార్కుల కొఱకు నిండుప్రాణము పోవుటకంటె అనర్థ మేమున్నది?

ఈ సందర్భమున యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము స్మరణీయము. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహాశయుడు మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవమాఱు గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా ఎల్.ఎం.ఎస్.తో తృప్తి నొందవలసి వచ్చెను. స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులను బలిగొనెను. 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు చదువు సాగించెను. 1925లో ఫిస్కె పండితునితో కలసి, శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. అచ్చట ఆయన నాయకత్వమున 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా సిద్ధమయ్యెను. సోదరులను హరించిన ఆ స్ప్రూ వ్యాధికే అది ఔషధమయ్యెను. 1948లో ఆయన పరమపదించెను.

ఇందు గ్రహింపదగినది పట్టుదల యని యెల్లరును చెప్పుదురు. సత్యమే; కాని అది సగము. ఆయన సముద్రము దాటుటకు మామగారు ధనము కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సాయము చేయుదుమని మాట యిచ్చెను. ఆ చేయూత లేనిచో ఆ పట్టుదల ఓడ యెక్కియుండునా?

తప్పిన ప్రతిబాలుడును సుబ్బారావుగారు కానక్కఱలేదు. మగ్గమో, నాగలియో, అంగడియో, ఏదో యొక వృత్తిలో నిలద్రొక్కుకొని తల్లి కన్నులయెదుట నుండిన చాలును.

కావున సంఘమువారికి మా విన్నపము లివి. ఫలితములు వెలువడు దినమున ప్రతి శాఖనుండి ఇరువురు పెద్దలు తప్పినవారి యిండ్లకే ముందుగా పోవలయును. నిందింపరాదు, నీతులు చెప్పరాదు, వారి పంక్తిని కూర్చుండి భోజనము చేసి రావలయును. సప్లిమెంటరీ పరీక్షకు రుసుము చెల్లింపలేనివారికి సంఘనిధినుండి చెల్లింపవలయును. ఒకమాఱు తప్పినంతమాత్రమున విద్యార్థి వసతిగృహమున చోటు తీసివేయరాదు.

వచ్చు మహాసభలో, రెండవమాఱో మూడవమాఱో కృతార్థులైన పిల్లలను గూడ ఈ వేదికపైకి పేరుపెట్టి పిలుచు భాగ్యము మీకు కలుగుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాము.