స్లో స్పీడులో వణికే బండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడు భయమేసింది. ఈ బడిలో చదివి డాక్టర్లయినవాళ్లున్నారు, ఆఫీసర్లయినవాళ్లున్నారు. నేను పదో తరగతి లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, మెకానిక్ షెడ్డులో స్పానర్ పట్టినవాణ్ణి. "నీకు తెలిసిందే చెప్పరా" అన్నారు కమిటీవాళ్లు. నాకు తెలిసినవి బండ్లే. అందుకని ఒక బండి సంగతి చెబుతాను.

మీలో కార్లున్నవాళ్లు ఈ జబ్బు చూసే ఉంటారు. రోడ్డెక్కి అరవైలో పోతుంటే బండి హాయిగా పోతుంది. గేటు దగ్గరో సిగ్నల్ దగ్గరో ఆగితే మాత్రం స్టీరింగు వణుకుతుంది, ఇంజన్ డుక్కు డుక్కుమంటుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మేం దాన్ని 'మిస్సింగ్' అంటాం.

పాతికేళ్ల కిందట మన సైన్సు మాస్టారు రిటైరయ్యాక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. కార్బురేటర్ బండి. అమ్మగారిని ఆసుపత్రికి తిప్పడానికి కొన్నారు. దానికీ ఇదే జబ్బు. నా దగ్గరికి తెచ్చారు. ప్లగ్గులు మార్చాను. తగ్గలేదు. వైర్లు మార్చాను. కార్బురేటర్ విప్పి కడిగాను. చివరికి ఐడ్లింగ్ స్క్రూ తిప్పి కాస్త స్పీడు పెంచాను. వణుకు తగ్గినట్టు కనిపించింది. డబ్బులు తీసుకున్నాను.

వెళ్లేటప్పుడు ఆయన ఒక మాటన్నారు. "బ్రేకు తొక్కితే కాలు పీకుతోందిరా, ఇదివరకు ఇంత గట్టిగా ఉండేది కాదు." నేను నవ్వి, "వయసు మీద పడుతోంది కదా మాస్టారూ" అన్నాను.

వారం తిరక్కుండానే రైల్వే గేటు దాటుతుంటే పట్టాల మీద బండి ఆగిపోయింది. లోపల అమ్మగారున్నారు. చుట్టుపక్కలవాళ్లు అవతలికి తోసేశారు. ఆ సాయంత్రం బండిని తాడుతో కట్టి లాక్కొచ్చారు. మాస్టారు నన్ను తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని రెండే అడిగారు. "ఎప్పుడు వణుకుతోంది? ఎప్పుడు బాగుంటోంది?"

"స్లోలో వణుకుతుంది, స్పీడులో బాగుంటుందండీ."

"అయితే రెండింటికీ తేడా ఏమిటి?"

నేను నోరు తెరవలేదు. ఆయనే చెప్పారు. గ్లాసుడు మజ్జిగలో రెండు చెంచాల నీళ్లు పోస్తే పలచబడ్డట్టు తెలుస్తుంది. కుండెడు మజ్జిగలో పోస్తే తెలియదు. ఐడ్లింగులో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలి తక్కువ, లోపల వాక్యూమ్ ఎక్కువ. ఎక్కడ చిన్న చీలికున్నా దొంగగాలి జొరబడి పెట్రోలు పాలు తగ్గిపోతుంది. స్పీడులో థ్రాటిల్ తెరుచుకుంటుంది, వాక్యూమ్ తగ్గుతుంది, పీల్చే గాలి చాలా ఎక్కువ. ఆ కాస్త దొంగగాలి అందులో లెక్కలోకి రాదు.

అప్పుడు నాకు బ్రేకు గుర్తొచ్చింది. పెడల్ తేలిగ్గా దిగడానికి సాయపడే బూస్టరుకు ఇంజన్ నుంచి ఒక లావుపాటి వాక్యూమ్ పైపు వెళ్తుంది. ఇంజన్ ఆన్ చేసి ఆ పైపును మొదట్లో ప్లయరుతో నొక్కిపట్టాను. వణుకు టక్కున ఆగిపోయింది. పైపు విప్పి చూస్తే అడుగువైపు వేలెడంత చీలిక. పై నుంచి చూస్తే కనపడదు. ఆయన కాలు పీకింది వయసు వల్ల కాదు. ఆయన చెప్పిన గుర్తును నేను నవ్వులో కొట్టేశాను. ఆ చీలిక ఇంకాస్త పెరిగుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తీసుకున్న డబ్బులు తిరిగిచ్చేశాను.

ఆ రోజు నుంచి నా షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు బండి యజమాని చెప్పింది మొత్తం వింటాం. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా, వేయకపోయినానా? ఆ తర్వాత ఏ సిలిండర్ పని చెయ్యడం లేదో చూస్తాం. ఒక్కొక్క సిలిండర్‌నే కాసేపు ఆపి చూస్తే, మంచి సిలిండర్ ఆగినప్పుడు ఇంజన్ ఇంకా కుంగుతుంది. చెడ్డది ఆగినా తేడా ఉండదు. ఒక్కటే చెడితే ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో, కంప్రెషనో చూస్తాం. అన్నీ ఒకేలా తడబడితే దొంగగాలి కోసం వెతుకుతాం. ఇంజన్ సాఫీగా తిరుగుతున్నా బండి మాత్రం ఊగుతుంటే ఇంజన్ మౌంటు రబ్బర్లు చూస్తాం.

ఇప్పుడు స్కానర్లొచ్చాయి. 'పీ 0171' అని చూపిస్తే పెట్రోలు పాలు తక్కువైందని అర్థం. అది చూసి సెన్సర్ మార్చేసేవాళ్లున్నారు. స్కానర్ లక్షణం చెబుతుంది, కారణం మనమే వెతకాలి. కంప్యూటర్ అదనంగా ఇస్తున్న పెట్రోలు ఐడ్లింగులో బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకొస్తే మళ్లీ మాస్టారి మజ్జిగ లెక్కే.

మీకు ఒక్క మనవి. బండి వణుకుతూ బ్రేకు పెడల్ కూడా గట్టిపడితే ఆ బండి నడపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

బోర్డు దగ్గర లెక్క రాక నిలబడిపోయినప్పుడు కూడా ఆ మాస్టారు నన్ను కొట్టేవారు కాదు. "ఎంతవరకు వచ్చింది? ఎక్కడ ఆగిపోయింది?" అనడిగేవారు. అదే ప్రశ్న మళ్లీ నా షెడ్డులో కూర్చుని అడిగారని ఆ రాత్రి ఇంటికి వెళ్లాక గాని నాకు తట్టలేదు.

ఆయన ఇప్పుడు లేరు. ఆ చీలిన పైపు ముక్క నా షెడ్డులో మేకుకు వేలాడుతోంది. పనికి కొత్త కుర్రాడు చేరితే స్పానర్ ఇవ్వకముందే అది చేతికిస్తాను.