ఆ ఇంట్లో రెండో మనిషి



ఒక పాత్రికేయుడి పేరిట జరుగుతున్న సభ కనుక, నేరాల మీద తీస్తున్న డాక్యుమెంటరీల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు సరేనన్నారు. నా ప్రశ్న చిన్నది. ఆ కథల్లో చచ్చిపోయిన మనిషికి దక్కుతున్నదేమిటి?

దూరం పోనక్కర్లేదు. ఢిల్లీలో యమున దాటితే నోయిడా. 2008 మే 15 రాత్రి జలవాయు విహార్‌లోని ఒక ఫ్లాట్‌లో ఇద్దరు హతమయ్యారు. మనం మాత్రం నేటికీ ‘ఆరుషి కేసు’ అనే అంటాం. రెండో మనిషి హేమ్‌రాజ్. నేపాల్ నుంచి వచ్చి ఆ ఇంట్లో పనికి కుదిరినవాడు. మొదటి రోజు పోలీసుల దృష్టిలో అతడే హంతకుడు. ఆచూకీ చెబితే బహుమతి ఇస్తామన్నారు. మర్నాడు అదే ఇంటి డాబా మీద అతని శవం దొరికింది. హంతకుడు కాదని తేలినా, హతుడిగా అతని కోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. మే 23న పోలీసు ఉన్నతాధికారి ఒకరు విలేకరులను పిలిచి, పద్నాలుగో పుట్టినరోజు కూడా చూడని ఆరుషి నడవడికి, ఈ పనివాడికి ముడిపెట్టారు. ఛానెళ్లకు ఇంకేం కావాలి! ఆ కుటుంబం పరువు తీసే కథనాలు వద్దని జూలైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2015లో మేఘనా గుల్జార్ ‘తల్వార్’ వచ్చింది. తెలివైన సినిమా, దర్యాప్తును చీల్చి చెండాడింది. ఆ సినిమా మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక ఇబ్బంది ఉంది. పోలీసులు అల్లిన కథ అబద్ధమని చూపడానికి కూడా ఆ కథను నటుల చేత ఆడించి చూపాల్సి వచ్చింది. చెవితో విన్న నింద కొంత కాలానికి మరుగున పడుతుంది, కంటితో చూసిన నింద పోదు. ఖండన కోసమే తీసినా, చూసినవాడి మనసులో మిగిలేది ఆ గది, ఆ మంచం. నేరాన్ని మళ్లీ నటించి చూపే ప్రతి డాక్యుమెంటరీకీ ఈ చిక్కు తప్పదు. 2017 అక్టోబర్ 12న ఆరుషి తల్లిదండ్రులను నిర్దోషులుగా విడుదల చేస్తూ అలహాబాద్ హైకోర్టు, కింది కోర్టు న్యాయమూర్తి సినిమా దర్శకుడిలా వ్యవహరించారని మందలించింది. దర్శకులకు అదేమీ మెప్పు కాదు. ఆ తీర్పును సవాలు చేస్తూ హేమ్‌రాజ్ భార్య సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆమె మీద డాక్యుమెంటరీ ఎవరు తీస్తారు?

పేదవాడు హతుడైతే కథ హంతకుడిది అవుతుంది. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఇండియన్ ప్రెడేటర్: ది బుచర్ ఆఫ్ ఢిల్లీ’ చూడండి. తీహార్ జైలు గేటు దగ్గర తలలేని మొండేలను పడేసి, పోలీసులను సవాలు చేస్తూ చీటీలు పెట్టిన చంద్రకాంత్ ఝా కథ అది. అతని ఊరు, అతని పగ, పోలీసులతో అతని పంతం మనకు తెలిశాయి. చచ్చినవాళ్లు పొట్టకూటికి ఢిల్లీ వచ్చిన వలస కూలీలు. వాళ్ల పేర్లు ఈ సభలో ఎవరైనా చెప్పగలరా? కసాయికి బిరుదు దక్కింది, వాళ్లకు ఆ మొండేలే దక్కాయి.

నోయిడాలోని నిఠారీ సంగతి ఇంకా ఘోరం. 2006 డిసెంబరులో పిల్లల ఎముకలు బయటపడిన మురుగుకాలువ పక్క ఇంటి పనివాడినే హంతకుడిగా దేశం నమ్మింది. 2023లో హైకోర్టు, 2025 నవంబరులో చివరి కేసులో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేశాయి. ఈ రెండు తీర్పుల నడుమ, 2024లో, ఆ ఘటనల స్ఫూర్తితో ‘సెక్టార్ 36’ వచ్చింది. అందులో హంతకుడి పాత్రకే చప్పట్లు. పిల్లలు ఎలా చనిపోయారో ఆ తల్లిదండ్రులకు నేటికీ కోర్టు చెప్పలేదు. సినిమా చెప్పేసింది.

ఢిల్లీ బురారీలో ఒకే ఇంట్లో పదకొండు మంది చనిపోయిన ఘటన మీద 2021లో వచ్చిన సిరీస్‌ను నేను ఈ జాబితాలో చేర్చను. గోడకున్న పదకొండు పైపులను చూపి ఛానెళ్లు వారాల తరబడి పండగ చేసుకుంటే, అది మానసిక నిపుణులను కూర్చోబెట్టి ఆ ఇంటివాళ్లను మనుషులుగా అర్థం చేసుకోవాలని చూసింది.

చట్టం లేదా అంటారు. ఉంది, పేరు వరకు. అత్యాచార బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టరాదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరుసటి ఏడాది శంషాబాద్‌లో ఒక యువతిని అత్యాచారం చేసి చంపాక ఏం జరిగిందో మీకు తెలుసు. ‘దిశ’ అని పేరు మార్చేలోపే అసలు పేరు, ఫొటో ఊరూరా తిరిగాయి. సినిమా ప్రకటిస్తే ఆపమని ఆమె తండ్రి కోర్టు మెట్లెక్కాడు. పేరు దాటితే రక్షణ పలచబడుతుంది. మనిషి పోతే అతని గోప్యత హక్కూ పోతుందని 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక నటుడి తండ్రి వేసిన దావాలో చెప్పింది. చనిపోయినవారికీ పరువునష్టం వర్తించవచ్చు, కాని బంధువుల మనసు నొప్పించే ఉద్దేశం ఉందని చూపాలి. లాయరు ఫీజు కట్టలేని వలస కూలీ భార్యకు ఆ సెక్షన్ ఎందుకు పనికొస్తుంది?

అందుకని కోర్టుల కోసం ఎదురుచూడకుండా తీసేవాళ్లనే అడుగుతున్నాను. తెలుగులోనూ ఇప్పుడు ఇలాంటి సిరీస్‌లు తీస్తున్నారు. హంతకుడి ఊరికి వెళ్లేముందు చనిపోయినవారి ఇంటికి వెళ్లండి. విడుదలకు ముందు ఆ కుటుంబానికి వాళ్లకు తెలిసిన భాషలో చూపండి. ఆపేసే అధికారం ఇమ్మనడం లేదు, తప్పు ఉంటే చెప్పుకునే అవకాశం ఇమ్మంటున్నాను. హత్యను నటించి చూపడం మానండి. ఈ షరతులు ఒప్పందంలోనే రాసుకోవాలని ఓటీటీ సంస్థలను ఈ సభ కోరాలని నా విన్నపం.