యాస బాకీ ఎవరిది?

సినీ నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి స్మారకోపన్యాసానికి నన్ను పిలిచిన నల్లగొండ మిత్రులకు కృతజ్ఞతలు. ఆయనతో నాకు పరిచయం లేదు. మా అమ్మకు ఉండేది, తెర మీద. ఆయన ఇంట్లోకి అడుగుపెట్టే సీను రాగానే "వీడొచ్చిండు, ఇగ అన్నదమ్ములు విడిపోతరు" అని తీర్పు చెప్పేది. ఇంతకన్నా నివాళి నాకు చేతకాదు.

జీవిత విశేషాలు మీకు తెలిసినవే. 1935లో తుంగతుర్తిలో పుట్టుక, ఉస్మానియాలో వైద్యవిద్య, 1960లో గుత్తా రామినీడు తీసిన 'చివరకు మిగిలేది'తో తెర ప్రవేశం, నాలుగు వందలు దాటిన సినిమాలు, 1997లో మరణం. జాతీయ పురస్కారం పొందిన 'పండంటి కాపురం' (1972) కథ ఆయనదే. 'భూమికోసం' (1974)తో వచ్చిన లలితారాణికి జయప్రద అని పేరు పెట్టిందీ ఆయనే. మణికొండలో సినీ కార్మికుల చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదే ఉంది. వీటిని ఇక్కడికి ఆపుతాను.

నా తగాదా వేరు. "తుంగతుర్తి బిడ్డ మద్రాసు పోయి యాస మరిచిండు" అనే మాట ఇలాంటి సభల్లోనే వింటూ వస్తున్నాను. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన నటుడు కాంతారావు మీదా ఇదే నేరం. కాంతారావు సంగతి తేలిక. విఠలాచార్య జానపదాల్లో ఆయన వేసిన రాకుమారుడి తెలుగు నల్లగొండదీ కాదు, గుంటూరుదీ కాదు. 'లవకుశ' (1963)లో లక్ష్మణుడు కోదాడ యాస మాట్లాడాలని ఎవరూ అడగరు.

ప్రభాకర్ రెడ్డివి ఎక్కువగా సాంఘికాలు. అక్కడ ప్రశ్న న్యాయమైనదే: కథలు రాసినవాడు తెలంగాణ యాస పెట్టుకోలేకపోయాడా? మన సినిమాల్లో కథ ఒకరిది, మాటలు ఇంకొకరివి, డబ్బు మరొకరిది కావడం మామూలు. సహాయ నటుడు తన చేతికిచ్చిన మాటలే పలుకుతాడు. ఆ యాస జనానికి ఎక్కదనేవారికి 1980లో విడుదలైన 'మా భూమి' జవాబు చెప్పింది. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ. అయినా అందులో మన మాట వినిపించిందంటే, వెనక నిలబడిన నిర్మాత బి. నర్సింగరావు లాంటివారు అలాగే కావాలనుకున్నారు కాబట్టి. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్క సినిమా చెబుతుంది.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. తర్వాత మన యాస తెరకెక్కినా, చాలాకాలం రౌడీకి, హాస్యగాడికే దక్కింది. ఇంటి పెద్దకు, డాక్టరుకు, పోలీసు అధికారికి ఇవ్వలేదు. ప్రభాకర్ రెడ్డికి వచ్చినవి సరిగ్గా అలాంటి పాత్రలే. పెద్దమనిషి మన మాట మాట్లాడితే పెద్దరికం తగ్గుతుందన్నది నిర్మాతల లెక్క. ఆ బాకీ నటుడి ఖాతాలో రాయడం అన్యాయం.

అందుకే ఇప్పుడు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వెళ్లిన సహాయ నటుల పాత్రల పట్టిక తయారుచేస్తున్నాను. ఏ వృత్తి, ఏ హోదా, ఏ భాష, సంభాషణలు రాసిందెవరు, డబ్బింగు చెప్పిందెవరు: అన్నీ ఒకచోట చేరితేగాని ఈ వాదం తెగదు. హీరోల జీవిత చరిత్రలు దీనికి పనికిరావు. టాకీసుల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు కావాలి. తారాగణం, కథాసంగ్రహం వాటిలోనే ఉంటాయి. మీ ఇళ్లలో అటకల మీద ఉంటే తూకానికి అమ్మకండి. నాకివ్వండి, నకలు తీసుకుని తిరిగి ఇస్తాను.