గోదావరి జాలరియు, కడలి తాబేలును
(శ్రీరాంపూర్ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



మన గంగపుత్రుల వార్షిక సభలయందు బాలబాలికల విద్యను గూర్చియు, చెరువుల హక్కులను గూర్చియు, సహకార సంఘముల లెక్కలను గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. ఈ యేడు కార్యనిర్వాహకులు మాకు నియమించిన విషయము సముద్రపు తాబేళ్ల సంరక్షణము. ఈ మాట వినగానే "సముద్ర మెక్కడ, శ్రీరాంపూ రెక్కడ? బొగ్గు గనుల నడుమ నున్న మనకు కడలి తాబేటితో నేమి పని?" యని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కావున ముందుగా దానికే ప్రత్యుత్తరము చెప్పుదుము.

మన ప్రక్కన పారు గోదావరి మంథనిని దాటి, కాళేశ్వరమువద్ద ప్రాణహితను గలుపుకొని, భద్రాచలము మీదుగా పాపికొండల నడుమ నొదిగి, ధవళేశ్వరము దిగువన పాయలుగా చీలి సముద్రమున గలియుచున్నది. వానిలో గౌతమి యను పాయ కడలిని జేరు తావున కోరంగి మడ యడవులును, వాని కెదురుగా కాకినాడ యఖాతమునకు అడ్డుగట్టువలె హోప్ ఐలాండ్ అను ఇసుక దీవియు కలవు. ఏటేట చలికాలము గడచుచుండగా ఆలివ్ రిడ్లే అను కడలి తాబేళ్లు ఆ తీరముల యిసుకలో గ్రుడ్లు పెట్టుచున్నవి. ఆ యిసుక యెక్కడిది? నది కొండలనుండి, మైదానములనుండి యుగయుగములుగా మోసికొనిపోయి పోసినది. మన వాకిట పారిన నీరే ఆ తల్లి తాబేటికి పురిటిల్లు కట్టుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు. అంతకన్న దగ్గరి బంధుత్వము మరియొకటి కలదు. ఆ తాబేటి ప్రాణము నిలుచుటయు పోవుటయు వల పట్టినవాని చేతిలో నున్నది. వల మన కులవృత్తి.

ఆ ప్రాణి స్వరూప మెట్టిదో కొంచెము చెప్పుదుము. లోకమునందు సముద్రపు తాబేళ్లు 7 జాతులు కలవు. వానిలో 5 జాతులు మన దేశపు జలములలో గానవచ్చును. మన తెలుగు తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చునది ముఖ్యముగా ఆలివ్ రిడ్లే. దాని చిప్ప పొడవు రెండడుగులకు పైన. ఈ కుదురునకు జెందిన ప్రాణులు 10 కోట్ల యేండ్లకు పూర్వమే సముద్రములలో నున్నవని శాస్త్రజ్ఞులు శిలలలోని యవశేషములవలన నిర్ణయించిరి. ఆడ తాబేలు రాత్రివేళ నొడ్డున కెక్కి, వెనుక కాళ్లతో కుండవంటి గుంతను త్రవ్వి, సుమారు 100 గ్రుడ్లు పెట్టి, యిసుక కప్పి, వెనుదిరిగి చూడకయే నీటిలోనికి బోవును. చేప చూపుచేతను, తాబేలు తలంపుచేతను, పక్షి స్పర్శచేతను పిల్లలను బెంచునని మన పెద్దలు చెప్పెడి మాట మీ రెరిగినదే. తల్లి దగ్గర లేకయే గ్రుడ్లు పొదగబడుట జూచియే వారట్లు చెప్పియుందురు. పొదుగునది యిసుకలోని వేడిమి. 45 మొదలు 60 దినముల లోపల పిల్లలు వెలువడును. ఆ వేడిమి యెక్కువైన ఆడ పిల్లలును, తక్కువైన మగ పిల్లలును అధికముగా బుట్టును. ఆ పిల్లలను పీతలు, కాకులు, కుక్కలు, చేపలు తినివేయును. వేయింటిలో నొక్కటి పెరిగి పెద్దదగుట గొప్ప.

ఇక్కడ మన వృత్తి జ్ఞానమునే యాధారముగా గొని యొక సంగతి విచారింతము. బొచ్చె, రవ్వ మొదలగు చేపలు లక్షలకొలది గ్రుడ్లు విడుచును. వానిని కాచువా రెవ్వరును లేరు. అయినను రెండు మూడేండ్లకే పిల్ల తల్లి యగును గనుక, ఒక వానకాలము చెడినను మరియొక వానకాలము చెరువును నింపును. కొర్రమీను గ్రుడ్లు వేలలోనే యుండును. గాని తల్లిదండ్రులు గూడు కట్టి, పిల్లల గుంపును వెన్నంటి కాచును. తాబేటికి ఈ రెండు భాగ్యములును లేవు. గ్రుడ్లు కొన్నియే. కాపలా లేదు. మరి ఆ జాతి యెట్లు నిలిచినది? దాని సొత్తు దీర్ఘాయువు. పుట్టిన పది పదునైదేండ్లకు గాని అది తల్లి కాదు. తల్లియైన పిమ్మట ఏండ్ల తరబడి మరల మరల తీరమునకు వచ్చి గ్రుడ్లు పెట్టుచుండును. ఒక జీవితకాలములో పెట్టిన వేలకొలది గ్రుడ్లలో రెండు పిల్లలు బ్రతికి పెద్దవైనచో వంశము నిలుచును.

కావున చేపల చెరువునకు చెల్లిన న్యాయము తాబేటికి చెల్లదు. చెరువులో పెద్ద చేపను పట్టి చిన్న చేపను విడువవలెనని మన పెద్దల నియమము. అది పంట వంటిది. కోసినను మరల మొలచును. మన కాళ్లక్రింది బొగ్గు 25 కోట్ల యేండ్ల నాటి యడవుల శేషము. త్రవ్వినది మరల రాదు. తాబేలు ఈ రెంటికిని నడుమ నున్నది. అది మరల వచ్చును, కాని బహు మెల్లగా వచ్చును. పెరిగిన తల్లి తాబే లొకటి చచ్చిన, దాని స్థానమునకు మరియొకటి వచ్చుటకు వేయి పిల్లలును, పదునైదేండ్లును కావలయును. గ్రుడ్లను కాపాడుట మంచిదే. పెద్ద తాబేటిని కాపాడుట అంతకంటె ముఖ్యము. నేటి మా యుపన్యాసమునకు సార మిదియే.

ఇది మా యూహ కాదు. మెక్సికో దేశమున రాంచో న్యూవో యను తీరమునందు కెంప్స్ రిడ్లే యను జాతి తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. 1947లో తీసిన యొక చలనచిత్రమునుబట్టి ఒక్క దినమున 40,000 తల్లులు ఒడ్డున కెక్కినవని లెక్క వేసిరి. గ్రుడ్లను దోచుకొనుట హెచ్చగా, 1966 నుండి ఆ తీరమున కాపలా పెట్టిరి. అయినను తల్లులు తగ్గుచునే వచ్చినవి. 1985 నాటికి ఏడాది పొడవున లభించిన గూళ్లు సుమారు 700 మాత్రమే. గ్రుడ్లకు కాపలా యున్నను తల్లులు రొయ్యల మరపడవల వలలలో చచ్చుచుండెను. తాబేలు మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చునది. గంటలకొలది నీట లాగబడు వలలో చిక్కినచో నది మునిగి చచ్చును. నీటి ప్రాణి నీట మునిగి చచ్చుట వింతగా దోచినను సత్యము. 1987లో క్రౌజ్, క్రౌడర్, క్యాస్వెల్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు అమెరికా తీరపు మరియొక తాబేటి జాతిని గూర్చి గణితము చేసి, గ్రుడ్లన్నియు దక్కినను వలలలోని చావులు తగ్గనిదే జాతి కోలుకొనదని తేల్చిరి. వలలకు తగిన సాధనము లమర్చిన తరువాత కెంప్స్ రిడ్లే గూళ్లు మరల వేల సంఖ్యకు పెరిగినవి.

ఆ సాధనమునకు టెడ్ అని పేరు. వల గొంతునందు ఇనుప కడ్డీల చట్ర మొకటి వాలుగా బిగింతురు. రొయ్య కడ్డీల సందున దూరి వల చివరి సంచిలోనికి బోవును. తాబేలు కడ్డీలకు దగిలి, ప్రక్కనున్న ద్వారముగుండ బయటికి జారిపోవును. దీనికి మన దేశమునకు దగిన నమూనాను కొచ్చినులోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారు చేసినది. కాని ఆ ద్వారమునుండి కొన్ని చేపలును పోవునని మరపడవల వారు భయపడుదురు. ఆ భయము నిర్హేతుకము కాదు. అప్పు తెచ్చి డీజిలు పోసినవానికి బుట్టెడు చేపలు తక్కువైనను నష్టమే. అయినను మరియొక నష్టమును లెక్కింపవలెను. టెడ్ లేని దేశముల సముద్రపు రొయ్యలను కొనరాదని 1989లో అమెరికా చట్టము చేసెను. మన దేశము మరి మూడు దేశములతో గూడి ప్రపంచ వాణిజ్య సంస్థయందు వ్యాజ్యము వేయగా, ఆ చట్టము నమలుపరచిన తీరు పక్షపాతముతో గూడినదనియు, తాబేళ్లను కాపాడు నుద్దేశము మాత్రము సమంజసమే యనియు 1998లో తీర్పు వచ్చినది. 2019లో అమెరికా మన సముద్రపు వేట రొయ్యల దిగుమతిని నిలిపివేసెను. తాబేటిని విడిచిన పోవునది కొన్ని చేపలు. విడువకున్న పోయినది ఒక పెద్ద సంత.

మన దేశపు చరిత్రయు నిట్టిదే. 1974లో బస్టర్డ్ అను శాస్త్రజ్ఞుడు మొసళ్ల స్థితిని పరిశీలించుటకు వచ్చి, ఒడిశాలోని గహీరమాత తీరమున వేలకొలది తాబేళ్లు ఒక్కుమ్మడిగా గ్రుడ్లు పెట్టుటను శాస్త్ర లోకమునకు వెల్లడించెను. ఆ పరిశీలన ఫలితముగనే 1975లో మొసళ్ల సంరక్షణ ప్రణాళిక యారంభమైనది. హైదరాబాదున దానికి శిక్షణ సంస్థయు వెలసినది. మన దిగువన గోదావరి మడుగులలో శివ్వారము మొసళ్ల యభయారణ్య మున్నది గదా! ఆ మొసలి కథయు, కడలి తాబేటి కథయు ఒకే కాలమున మొదలైనవి. సముద్రపు తాబేళ్లు 1977లో వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలున చేరినవి. అయినను 1990 దశాబ్దపు తుదిని ఒడిశా తీరమున ఏటికి 10,000కు పైబడిన తాబేటి కళేబరములు కొట్టుకొని వచ్చుచుండెను. చట్టము కాగితముపై నుండెను, వల నీటిలో నుండెను.

గంజాము జిల్లాలో ఋషికుల్యా నది ముఖద్వారమున 1994లో మరియొక సామూహిక తావు వెలుగులోనికి వచ్చినది. ఆ తీరమున తెలుగు మాటలాడు నోళియా జాలరులు తరతరములుగా కాపురమున్నారు. అక్కడ పురుణబంధ మొదలగు గ్రామముల యువకులే సంఘముగా నేర్పడి, కుక్కలను తోలి, దారి తప్పిన పిల్లలను సముద్రమున విడిచి, గూళ్లను కాచుచు వచ్చిరి. సర్కారు బంట్రోతులకంటె ముందుగా నిలుచున్నవారు పల్లెకారులు. ఇది జాలరి జాతి కంతటికిని కీర్తి.

ఇచట న్యాయము పక్షమున నొక మాట చెప్పకున్న మా ధర్మము తీరదు. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలుపుదురు. అది చేపల సంతానవృద్ధికై పెట్టిన నియమము. తాబేళ్లు మన తీరమున కధికముగా వచ్చునది అంతకు ముందు, జనవరి మొదలు మార్చి వరకు. కాన ఆ విరామము తాబేటికి పూర్తిగా నక్కరకు రాదు. ఆ నెలలలోను నిషేధము విధింప దలచినచో, పస్తులుండువాని సంగతి యేమి? ఆంధ్ర ప్రభుత్వము 2019లో వేట విరామ కాలపు భృతిని 10,000 రూపాయలు చేసి, 2025లో 20,000 చేసినది. ఇది మార్గము. ప్రాణిని కాపాడు భారము లోకమంతటిది. దాని ఖర్చు ఒక్క జాలరి కడుపుపై మాత్రమే మోపుట ధర్మము కాదు.

ఇక మన యింటి సంగతి. దక్కను నదులయందు మెత్తని చిప్పగల పెద్ద తాబేలు కలదు. దానికి శాస్త్రజ్ఞులు లీత్ తాబే లని పేరిడిరి. అది మన గోదావరి ప్రాణియే. అంతరించుటకు మిక్కిలి చేరువలో నున్నదని లోక శాస్త్రజ్ఞులు దానిని ఎఱ్ఱ జాబితాలో చేర్చిరి. 2022లో పనామా నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో, మన దేశము కోరికపైననే, దాని వ్యాపారమును పూర్తిగా నిషేధించు పట్టికలో దానిని చేర్చిరి. చెరువులలో దొరకు చిన్న మెత్తచిప్ప తాబేలును మొదటి షెడ్యూలులోనిదే. వీనిని పట్టి యమ్మినవానికి మూడేండ్లకు తక్కువ కాని చెరసాలయు, 25,000 రూపాయలకు తక్కువ కాని జుల్మానాయు నేటి చట్టము విధించుచున్నది. కొన్ని వందల రూపాయలకు బేరగాండ్ర కొక తాబేటి నిచ్చిన పడుచువాడు తన యుద్యోగమును, చదువును, ఇంటి పరువును పోగొట్టుకొనును. బేరగాడు తప్పించుకొనును, వలవాడు చిక్కును.

కాన మహాసభవారికి మా మనవి నాలుగు మాటలు. వలలో ప్రాణముతో చిక్కిన తాబేటిని తక్షణమే నీట విడుతుమని ప్రతి గ్రామ సంఘమును తీర్మానింపవలెను. చినిగిన నైలాను వలలను నదిలో వదలక యొడ్డునకు చేర్చవలెను. వదలిన వల వేటగాడు లేకయే యేండ్ల తరబడి వేటాడుచుండును. వేసవిలో మొసళ్లు, తాబేళ్లు గ్రుడ్లు పెట్టు ఇసుక తిన్నెలను గ్రామపెద్దలు గుర్తించి, అచట ఇసుక త్రవ్వకుండ అధికారులకు విన్నవింపవలెను. పోషకులైన ధనవంతులు మన బాలురలో నొకరిద్దరినైనను మత్స్యశాస్త్రము, జీవశాస్త్రము చదివింపవలెను. నీటిని గూర్చి పుస్తకము వ్రాయువాడు నీటిపై బ్రతికిన యింటినుండియే రావలెను.

కూర్మావతారమున విష్ణువు మందర పర్వతమును వీపున మోసెనని మన పురాణము. శ్రీకాకుళ మండలమున శ్రీకూర్మ క్షేత్రమున ఆ స్వామికి నిత్యపూజలు జరుగుచున్నవి. దేవుడు ధరించిన రూపమును గుడిలో మ్రొక్కి, వలలో చంపుట మనకు తగదు. గంగామాత బిడ్డలమని చెప్పుకొను మనము, ఆ తల్లి యొడిలోని యితర బిడ్డలను గూడ సోదరులుగా జూతుము గాక!