కళగం అంటే ఫెడరేషనా?

(అణైకట్‌లో జరిగిన మిల్లు కార్మికుల సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో మూడో అంశం మన ఆఫీసు బోర్డు. పాతది తుప్పు పట్టింది, కొత్తది రాయించాలి. తమిళం, ఇంగ్లీషు పాత బోర్డులోనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం కాబట్టి ఈసారి తెలుగు వరుస కూడా ఉండాలని కమిటీ తీర్మానించింది. ఆ వరుసలో 'సంఘం' అని రాయాలా, 'యూనియన్' అని రాయాలా అన్నది మీరు తేల్చాలి. దానికి ముందు పోయిన నెల నన్ను ఇరకాటంలో పెట్టిన ఒక ప్రశ్న గురించి చెబుతాను.

కోన్ వైండింగ్‌లో పనిచేసే ఒక అమ్మాయి షిఫ్టు దిగి వచ్చి అడిగింది: "అన్నా, డి.ఎం.కె.ని ఇంగ్లీషు పుస్తకంలో ద్రవిడియన్ ప్రోగ్రెసివ్ ఫెడరేషన్ అని రాశారు. మన యూనియన్ కూడా ఒక ఫెడరేషన్‌లో ఉందంటారే. అయితే కళగం కూడా యూనియన్ లాంటిదేనా?" గుడియాత్తం నుంచి అణైకట్ దాకా గోడల మీద ఆ పేరు చూస్తూ పెరిగినవాణ్ణి. ఒక్క ముక్క జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి, పెద్దల్ని అడిగి తెలుసుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. ఇది ఏ కట్చికీ ఓటడిగే ఉపన్యాసం కాదు. మనలో అన్ని కట్చిలవాళ్ళూ ఉన్నారు, అందరూ చందా కడుతున్నారు, కొందరు కాస్త ఆలస్యంగా.

మొదలు 1916 నుంచి ఎత్తుకోవాలి. ఆ ఏడాది నవంబరులో మద్రాసులో ఒక పార్టీ పుట్టింది. దానికి పెట్టిన అసలు పేరు ఇంగ్లీషుదే: సౌత్ ఇండియన్ లిబరల్ ఫెడరేషన్. ఆ పేరు మద్రాసులో రిక్షా లాగేవాడి నోట పలుకుతుందా? మరుసటి సంవత్సరం, 1917 ఫిబ్రవరిలో, వాళ్ళు 'జస్టిస్' అని ఒక ఇంగ్లీషు దినపత్రిక మొదలుపెట్టారు, టి.ఎం. నాయర్ సంపాదకుడు. జనం పత్రిక పేరునే పార్టీకి అంటించారు. జస్టిస్ పార్టీ అన్నారు, తమిళులు నీతి కట్చి అన్నారు. రిజిస్టరులో ఉన్న పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది.

ఆ పార్టీ పెద్దల్లో మనవాళ్ళున్నారని చాలామందికి తెలియదు. పిట్టి త్యాగరాయ చెట్టి దేవాంగ కులంలో పుట్టిన తెలుగువాడు, నేత వ్యాపారం చేసినవాడు. పానగల్లు రాజా తెలుగువాడు. దీపావళికి బట్టలు కొనడానికి మద్రాసు టి.నగర్ పోతాం కదా, ఆ 'టి' త్యాగరాయ చెట్టే. దాని పక్క పార్కు పానగల్ పార్కు. ఇంగ్లీషు పొడి అక్షరం ఒక నేతవాడి పేరును అలా మింగేసింది.

పేరుకు న్యాయం అని పెట్టుకున్న ఆ పార్టీ మిల్లు కార్మికుడికి ఏమైందో కూడా చెప్పాలి. 1920 ఎన్నికల్లో గెలిచి మంత్రివర్గంలో కూర్చున్నారు. 1921లో పెరంబూరు బకింగ్‌హాం అండ్ కర్ణాటిక్ మిల్లులో పెద్ద సమ్మె వచ్చింది. 1918లోనే పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ వాళ్ళది. ఆదిద్రావిడ కార్మికులు చాలామంది సమ్మెలో చేరలేదు. పేటల్లో కొట్లాటలు, ఇళ్ళు తగలబెట్టడాలు, కాల్పులు జరిగాయి. పోలీసు శాఖ గవర్నరు చేతిలో ఉండేది, మంత్రుల చేతిలో కాదు, ఆ మాట ఒప్పుకుందాం. కానీ పార్టీ పెద్దలు తప్పంతా ఆదిద్రావిడుల మీద, వాళ్ళను వెనకేసుకొచ్చిన సర్కారు లేబరు శాఖ మీద వేశారు. ఆదిద్రావిడుల నాయకుడు ఎం.సి. రాజా 1923లో ఆ పార్టీ విడిచి వెళ్ళాడు. కార్మికులు రెండుగా చీలి సమ్మె ఓడిపోయింది. మన కార్డింగులో, బ్లో రూములో ఎవరు పనిచేస్తున్నారో, రింగ్ ఫ్రేముల మీద ఎవరు సైడర్లుగా ఉన్నారో చూసుకుంటే ఈ కథ నూరేళ్ళ కిందటిది అనిపించదు.

1944లో సేలం మహాసభలో అన్నాదురై తీర్మానం పెట్టగా పెరియార్ నాయకత్వంలో ఆ పార్టీ 'ద్రావిడర్ కళగం' అయింది. పి.టి. రాజన్ లాంటివాళ్ళు ఒప్పుకోక, జస్టిస్ అన్న పాత పేరుతోనే 1952 ఎన్నికల దాకా వచ్చారు. 1949 సెప్టెంబరులో అన్నాదురై విడిపోయి పెట్టినది 'ద్రావిడ మున్నేట్ర కళగం'. తమిళం తెలిసినవాళ్ళు గమనించండి. ద్రావిడర్‌లో 'ర్' పోయింది. ద్రావిడర్ అంటే మనుషులు, మన 'ద్రావిడులు' లాగా. 'ర్' తీసేస్తే అది నేల పేరు అవుతుంది. ఇంగ్లీషులో రెంటికీ 'ద్రవిడియన్' ఒక్కటే. చీలికలో మారిన అక్షరం ఇంగ్లీషు చదివేవాడికి కనబడనే కనబడదు.

ద్రవిడియన్ అన్న మాటను భాషల కుటుంబానికి ఖాయం చేసింది 1856లో కాల్డ్వెల్ పుస్తకం. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, ఎల్లిస్ అనే దొర తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒక ఇంటిదనీ రాశాడు. అంటే ఆ మాట కిందికి మనమూ వస్తాం. అయినా మన ముసలివాళ్ళకు ఆ పేరు వింటే తికమకే, ఎందుకంటే తెలుగులో ద్రావిడులు అంటే బ్రాహ్మణుల్లో ఒక శాఖ! బ్రాహ్మణేతరుల ఉద్యమానికి ఆ పేరేమిటని మా తాత నవ్వేవాడు.

ఇక మున్నేట్రం. ముందుకు పోవడం, పైకి రావడం, అంతే. తమిళంలో ఏట్రం అంటే బావి దగ్గర నీళ్ళు తోడే ఏతం కూడా. ఇంగ్లీషు 'ప్రోగ్రెసివ్' అనగానే చదువుకున్నవాళ్ళకు ఒక సిద్ధాంతం తలపుకొస్తుంది. అరుగు మీద కూర్చుని మున్నేట్రం అనేవాడికి పిల్లకాయ పైకి రావడమే తలపుకొస్తుంది.

కళగం అంటే పదిమంది కూడిన సభ. తిరుక్కురళ్‌లో జూదమాడే చోటుకు కూడా ఆ మాట వాడారు, ఎదుటి కట్చివాళ్ళను ఏడిపించడానికి పనికొస్తుంది. ఫెడరేషన్ అంటే అది కాదు. వేరువేరు సంఘాలు తమ పేరు, తమ లెక్క తాము ఉంచుకుని ఒక చోట చేరితే అది ఫెడరేషన్. మన యూనియన్ అలాగే చేరింది. కళగానికి మనిషి నేరుగా సభ్యుడవుతాడు, శాఖలుంటాయి. 1916 నాటి ఫెడరేషన్ మాటే వారసత్వంగా ఇంగ్లీషులో నిలిచిపోయిందేమో అని నా అనుమానం. అమ్మా, నీ ప్రశ్నకు జవాబు అది: కళగం కట్చి, యూనియన్ కాదు.

ఇంకొక తమాషా. ఇంగ్లీషులో ఆ 'ళ' రాయడానికి జెడ్, హెచ్ అక్షరాలు పెడతారు. అది చూసి ఆంధ్రా పత్రికలవాళ్ళు 'కజగం' అని రాస్తారు. ఇక్కడ ఆ మాట ఎవరికీ తెలియదు. 1972లో ఎం.జి.ఆర్. పెట్టిన అణ్ణా డి.ఎం.కె.కి 1976లో 'ఆల్ ఇండియా' ముందు చేరి ఇంగ్లీషు అక్షరాలు ఆరయ్యాయి. మన ఆడవాళ్ళు మాత్రం రెండాకులు అంటారు, అదే సులువు.

ఇవన్నీ ఎందుకంటారా? నేను డాఫర్‌గా ఉన్న రోజుల్లో ఒక మిల్లులో బోనసు ఒప్పందం మీద మా పెద్దలు సంతకం పెట్టారు. కాగితం ఇంగ్లీషు. అందులో యూనియన్‌ను 'వర్కర్స్ అసోసియేషన్' అని టైపు చేశారు. మాకు తొళిర్‌సంగం, సంఘం, అసోసియేషన్ అన్నీ ఒకటే అనిపించాయి. డబ్బు ఇచ్చే వేళకు, మేము ఒప్పుకున్నది అసోసియేషన్‌తో, రిజిస్టరైన యూనియన్‌తో కాదని యాజమాన్యం లేబర్ ఆఫీసులో వాదించింది. వాయిదాల మీద వాయిదాలు పడి, దీపావళికి రావలసిన బోనసు పొంగల్ దాటాక వచ్చింది. అప్పు చేసి పండగ చేసినవాళ్ళు వడ్డీ కట్టారు. జస్టిస్ పార్టీకి జనం పెట్టిన పేరు నడిచింది, వాళ్ళ చేతిలో పత్రిక ఉంది, పలుకుబడి ఉంది. మన చేతిలో ఉన్నది 1926 చట్టం కింద ఇచ్చిన ఆ ఒక్క సర్టిఫికెట్టు.

అందుకే దాని నకలు ఈ గోడకు తగిలించాం. ఇంగ్లీషు వరుస దాని ప్రకారమే అక్షరం పొల్లుపోకుండా రాయిస్తాం, అందులో చర్చ లేదు. తెలుగు వరుస మాత్రం మన ఇష్టం. వైండింగ్‌వాళ్ళు 'సంఘం' అంటున్నారు, నాకు 'యూనియన్' బాగుంది, మా అమ్మ కూడా అలాగే పలికేది. సంఘం అనేవాళ్ళు ముందు చేతులెత్తండి. బదిలీ కార్మికులు కూడా ఎత్తవచ్చు.