లేజరు ఆపరేషనుకు ముందూ తర్వాతా పాడి రైతు తెలుసుకోవలసిన సంగతులు

(నారాయణపేటలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశమంటే వెన్న శాతం, దాణా, గాలికుంటు టీకాలు, బిల్లుల బకాయిలు, వీటి గురించే మాట్లాడుకుంటాం. ఈ రోజు మేము మరో విషయం ఎత్తుకుంటున్నాము. ఏభై దాటిన మగవాళ్ళలో చాలామందికి ఉండి కూడా ఎవరూ నోరు విప్పని బాధ ఇది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, వెళ్ళినా వెంటనే రాకపోవడం, ధార సన్నబడటం, అయిపోయిందనుకుని వస్తే మళ్ళీ వచ్చినట్లుండటం. దీనికి కారణం చాలావరకు ప్రొస్టేట్ గ్రంథి, అంటే పౌరుష గ్రంథి, వాపు.

మేము వైద్యులం కాము. సంఘాల పనిమీద ఊళ్ళు తిరిగేవాళ్ళం. వైద్యులను అడిగి తెలుసుకున్నవీ, ఆపరేషను చేయించుకున్న సభ్యుల నోట విన్నవీ మీ ముందు పెడుతున్నాము.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ఇది. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములుంటుంది. నలభై దాటాక మెల్లగా పెరుగుతూ, లోపలినుంచి నాళాన్ని నొక్కుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు. కాని క్యాన్సర్ కూడా అదే గ్రంథిలో రావచ్చు గనుక పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష చేయిస్తారు. గ్రంథి పెద్దదైనా, మూత్రంలో చీము ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. కాబట్టి అంకె చూసి హడలిపోవద్దు, వైద్యునికి చూపండి. ఊరికే మూత్రానికి లేస్తున్నంత మాత్రాన ఇదే జబ్బనీ అనుకోరాదు. చక్కెర వ్యాధికీ ఇదే లక్షణం ఉంటుంది.

అందరికీ ఆపరేషను అక్కరలేదు. మాత్రలతోనే చాలామందికి నెమ్మదిస్తుంది. మాత్రలు పనిచేయకపోయినా, మూత్రం పూర్తిగా బంద్ అయి గొట్టం వేయవలసి వచ్చినా, పదేపదే చీము పట్టినా, మూత్రాశయంలో రాళ్ళు చేరినా, మూత్రంలో రక్తం పడుతున్నా, మూత్రపిండాలు దెబ్బతింటున్నా ఆపరేషను మాట వస్తుంది. చివరిదే భయపడవలసిన సంగతి. నొప్పి లేకుండానే లోపల మూత్రం నిలవ ఉండి, వెనక్కు ఎగదన్ని, మూత్రపిండాలను పాడుచేస్తుంది. సిగ్గుపడి ఊరుకున్న మనిషి డయాలసిస్ దాకా పోయే దారి ఇదే.

ఇక లేజరు సంగతి. లేజరు అనగానే కోత లేదు, నెత్తురు లేదు, పొద్దున పోయి సాయంత్రానికి పొలంలో ఉండవచ్చు అని ఒక నమ్మకం వ్యాపించింది. పొట్ట మీద కోత లేనిమాట నిజం. కాని లోపల గాయం గాయమే. దశాబ్దాలుగా చేస్తున్న టి.యు.ఆర్.పి. పద్ధతిలోనూ కోత ఉండదు. మూత్రమార్గం గుండా పరికరం పంపి, విద్యుత్తు తీగతో గ్రంథిని చెక్కినట్లు తీస్తారు. హోల్మియం లేజరు పద్ధతిలో గ్రంథిని పై పొర నుంచి వేరుచేసి, మూత్రాశయంలోకి నెట్టి, తురిమి బయటికి లాగుతారు. నల్గొండ బత్తాయిని తొక్క చెక్కుచెదరకుండా లోపలి తొనలు తీసినట్లనుకోండి. గ్రంథి ఎంత పెద్దదైనా దీనితో తీయవచ్చు. రక్తస్రావం తక్కువ, గొట్టం తొందరగా తీస్తారు. 1990లలో న్యూజిలాండులో దీనిని రూపొందించారు. మనలాగే రైతుల సహకార పాడికి పేరుబడ్డ దేశమది. కొన్ని లేజర్లు గ్రంథిని ఆవిరి చేస్తాయి. అప్పుడు పరీక్షకు ముక్క మిగలదు. ఆ సంగతి ముందే అడగాలి.

మేము గట్టిగా చెప్పదలచింది ఇది: యంత్రం పేరు చూసి ఆస్పత్రి ఎంచవద్దు, చేయి చూసి ఎంచండి. పాలు పితికే యంత్రం కొన్నంత మాత్రాన బర్రె చేపుతుందా? హోల్మియం పద్ధతి చేతికి రావడానికి ఒక సర్జనుకు 20 నుంచి 60 కేసులు పడతాయని ఆ వృత్తివారే లెక్కగట్టారు. కాబట్టి ముందు చూడవలసింది ఆయన యూరాలజిస్టేనా, ఎం.సి.హెచ్. గాని డి.ఎన్.బి. గాని యూరాలజీలోనే చేశారా అన్నది. తర్వాత మొగమాటం లేకుండా అడగండి: అయ్యా, ఈ ఆపరేషను మీరే చేస్తారా, మీ శిష్యులు చేస్తారా? ఇంతవరకు ఎన్ని చేశారు? నా గ్రంథి ఎన్ని గ్రాములు? దానికి ఇదే పద్ధతి ఎందుకు? మీ రోగుల్లో ఎంతమందికి రక్తం ఎక్కించవలసి వచ్చింది, ఎంతమందికి ఆరు నెలల తర్వాత కూడా మూత్రం కారుతోంది? రాత్రిపూట ఇబ్బందైతే ఎవరికి ఫోను చేయాలి? మంచి సర్జను ఈ ప్రశ్నలకు చిరాకుపడడు. చిరాకుపడితే అదీ ఒక జవాబే.

మన జిల్లావారు రాయచూరుకో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాదుకో పోవలసి ఉంటుంది. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులలో యూరాలజీ విభాగాలున్నాయి. దగ్గరగా ఉండటం కూడా ఒక లెక్కే, ఎందుకంటే ఆపరేషను తర్వాత ఒకటి రెండుసార్లు తిరిగి పోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ ఆపరేషను, మీరెంచుకున్న పద్ధతి అందులో వస్తుందా లేదా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. చేతి నుంచి పెట్టుకునేవారు గది, మత్తు, మందులు, ముక్క పరీక్ష అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.

మత్తు అంటే మన పెద్దలకు ఇప్పటికీ భయమే. 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులోనే క్లోరోఫారం మత్తు మీద కమిషన్లు కూర్చున్నాయి. మహబూబ్‌నగర్ ఎవరి పేరున ఉన్నదో ఆ నిజామే దానికి ధనసాయం చేశాడు. ఆ కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఈ ఆపరేషనుకు చాలామందికి వెన్నులో సూదితో నడుము కింద మాత్రమే మొద్దుబారుస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు మాత్రం ముందుగా చెప్పాలి. వాటిని సొంతంగా మానరాదు, గుండెకు ముప్పు.

స్త్రీలు కూర్చున్నారని మరో మాట దాటవేయము, వాళ్ళకూ తెలియాలి. ఈ ఆపరేషను తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి వెనక్కు పోతుంది. దానితో హాని లేదు. భార్యాభర్తల జీవితం మామూలుగా సాగుతుంది, కాని పిల్లలు కలగడం కష్టం. ముందు తెలియక తర్వాత కుమిలిపోయేవారున్నారు.

ఇక కోలుకోవడం. గొట్టం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తర్వాత కొన్నాళ్ళు మంట, ఆగలేనట్లు తొందర, దగ్గితే చుక్కలు పడటం ఉంటాయి. ఇవి వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గుతాయి. మూత్రం ఆపినట్లు కండరం బిగించి వదిలే కసరత్తు నేర్పుతారు, రోజూ చేయాలి. పది పదిహేనో రోజున, అంతా బాగైందనుకున్నప్పుడు, ఎర్రగా పడవచ్చు. లోపలి పొక్కు రాలడమది. నీళ్ళు బాగా తాగి పడుకుంటే తేటపడుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం వైద్యుడు చెప్పినంతే తాగాలి. గడ్డలు పడుతూ మూత్రం ఆగిపోయినా, చలితో జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు.

పాడివాళ్ళకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిండిన 40 లీటర్ల క్యాను 40 కిలోలకు పైమాటే. నాలుగు నుంచి ఆరు వారాలు క్యాను గాని, దాణా బస్తా గాని, గడ్డి మోపు గాని ఎత్తరాదు. సైకిలు, మోటారు సైకిలు కూడా వైద్యుడు సరేననేదాకా వద్దు. మలబద్ధకం రానీయవద్దు, ముక్కితే రక్తం వస్తుంది. జొన్న రొట్టె, ఆకుకూర, మజ్జిగ సరిపోతాయి. బర్రె మరో చేతికి చేపదని నాలుగోనాడే పాకలో గొంతుకూర్చున్నవారిని మేము చూశాము. అందుకే తొందర లేని ఆపరేషనైతే పదిహేను రోజుల ముందునుంచే ఇంట్లో మరొకరి చేత పాలు పితికించండి, బర్రెకు అలవాటవుతుంది. విత్తనాల రోజులు తప్పించి తేదీ పెట్టుకోండి. ఆ నెలరోజులు పక్కింటివారు మీ పాలు కేంద్రానికి చేరుస్తారేమో సంఘం కార్యదర్శికి చెప్పి చూడండి. ఇట్లాంటి సాయం సంఘాలకు కొత్తేమీ కాదు.

తీసిన ముక్క పరీక్ష రిపోర్టు తప్పక తెచ్చుకోవాలి. పై పొర లోపలే ఉంటుంది కాబట్టి పి.ఎస్.ఎ. ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో అడిగి రాయించుకోండి. ఆ కాగితాలు పాల పాస్‌బుక్కు పెట్టే చోటే పెట్టండి, వెతుక్కోనక్కరలేదు.

ఇక మీరు అడగండి. నలుగురిలో అడగలేనివారు సమావేశం తర్వాత చెట్టు కిందికి రండి, అక్కడ మాట్లాడుకుందాం.