తుంగభద్ర మడుగులలో వాలుగ



మన హొసపేట పక్కనే పారే తుంగభద్రలో నివసించే ఒక పెద్ద చేపను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనకది వాలుగ. కన్నడ సోదరులకు బాళె మీను, తమిళులకు వాళై, ఒడియా వారికి బాలియా. శాస్త్రజ్ఞుల గ్రంథాలలో దాని పేరు 'వల్లగో అట్టు'. ఆ మొదటి పదం మన వాలుగయే. తెలుగు కవులు చక్కని కన్నులు గల స్త్రీని వాలుగంటి అన్నారు. వారు చేప సొగసైన ఒడలినే చూసి ఉంటారు. నోరు చూసి ఉంటే జంకేవారేమో!

ఆ నోరు కంటిని దాటి వెనుకకు చీలి ఉంటుంది. నిండా సూదుల వంటి పండ్లు. ఒంటిపై పొలుసులు లేవు. మీసాలు నాలుగు, పై దవడవి పొడవైనవి, కింది దవడవి పొట్టివి. మీటరును మించి పెరుగుతుంది. రెండు మీటర్లు దాటినవీ నమోదైనాయి.

పగలంతా లోతైన మడుగులలో, గట్టు కింది గుంతలలో కదలక పడి ఉంటుంది. చీకటి పడిన పిమ్మట చిన్న చేపలను వేటాడుతుంది. కనుక ఏటి గర్భం నుండి ఇసుక తోడి మడుగులను చెరిపివేస్తే, నీరున్నా వాలుగకు ఇల్లుండదు.

ఇంతకంటే నన్ను కలతపెట్టేది మరొకటి. వానకాలపు వరద గట్లు పొర్లి పరచుకోగానే, గుడ్లు నిండిన వాలుగ మడుగు విడిచి ఆ పలుచని నీటిలోనికి ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టేది అక్కడే. ఏడాది పొడుగునా వలకు అందని పెద్ద చేప ఆ కొద్ది రోజులలో మోకాటి లోతు నీటిలో సులువుగా చిక్కుతుంది. బజారులో దానికి గిరాకీ కూడా అప్పుడే. గుడ్లున్న చేప రుచి అని వెతికి కొన్నవారిలో నేనూ ఒకడిని, దాచడమెందుకు? ఆ ముక్కలతో పాటు వేల పిల్లలు మా వంటింటి గిన్నెలోనే ముగిసిపోయాయి.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఈ జాతిని ముప్పు అంచున ఉన్నవాటిలో చేర్చి, తరువాత 2019 అంచనాలో ముప్పుకు గురైనవాటిలోనికి మార్చింది.

పట్టేవారిని మాత్రమే నిందించడం న్యాయం కాదు. కొనేవాడున్నాడు గనుకనే వల పడుతుంది. తొలి వరదల వేళ బజారుకు వెళ్ళినప్పుడు గుడ్లున్న వాలుగను అడగకండి. చెరువులో పెంచిన బొచ్చెయో రోహువో కొనండి. పట్టణపు మురుగును, ప్లాస్టిక్ సంచులను ఏటివైపు పారే కాలువలలో వేయకండి. ఈ రెండే నా విన్నపాలు.